దురద సూదే కదా అని తీసిపారేయకుండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం.

మిర్చి సీజన్ వచ్చిందంటే మా వరంగల్ దిక్కు దురదలు, దద్దుర్లు, తుమ్ములతోటి ఊళ్లె డిగ్రీ లేని ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గర లైన్ కడతరు. కోతకు పోయినోళ్లు, ఏనుమాముల మార్కెట్‌ల బస్తాలు మోసేటోళ్లు పొద్దంతా ఘాటుల ఉండి సాయంత్రం పోతే ఆయన అవిల్ అనే అలర్జీ మందు, డెక్సా అనే స్టెరాయిడ్ రెండూ ఒకే సిరంజిల గుంజి నడుముకు పొడిచి పంపిస్తడు. మందు పేరు చెప్పడు, వీళ్లు కూడ అడగరు. నేను స్టాఫ్ నర్సుగ చేసి రిటైరయిన, ఈ సూదులు నా చేతితోటి మస్తు ఇచ్చిన, మంచి మందులే, కానీ వాటిని మంచినీళ్ల లెక్క వాడుడు చూస్తే భయమైతది, అందుకే ఈ ఉత్తరం.

అవిల్ అయినా ఫెనర్గాన్ అయినా పాత రకం అలర్జీ మందులు, మెదడుకు ఎక్కుతయి కాబట్టే మత్తు. ఫెనర్గాన్ మత్తు నాలుగు నుంచి ఆరు గంటలు, కొందరికి పన్నెండు గంటల దాకా ఉంటది. సూది ఏసుకున్న మనిషి పది నిమిషాలు కూడ కూసోకుండ పెండ్లాన్ని, పిల్లను వెనక ఎక్కించుకుని చీకట్ల నర్సంపేట రోడ్డు మీద బండి మీద పోతడు, ఆ రోడ్డు మీద ఒక పక్క వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టి ఉంటయి, ఇంకో పక్క లైట్ లేని ట్రాక్టర్ ఆగి ఉంటది, కండ్లు ఒక్క క్షణం మూతపడితే ఏమైతదో చెప్పాల్నా? "ఇయ్యాల బండి నడపకు, వెంట ఎవరినన్న తెచ్చుకో" అని ఒక్క మాట చెప్పడానికి ఖర్చేం కాదు కదా.

ఇంకోటి కల్లు. సాయంత్రం సూది, రాత్రి కల్లు, ఇది మన దగ్గర ఎవ్వరూ తప్పనుకోరు. ఉత్త కల్లుతోనే మత్తు డబుల్ అయితది, ఇగ ఆల్ప్రజోలం అనే నిద్రమత్తు మందు కలిపిన కల్తీ కల్లు అయితే, ఎక్సైజోళ్లు ఎన్నోసార్లు పట్టుకున్నరు కదా, నిద్రల శ్వాస మందగించే ప్రమాదం నిజంగనే ఉంటది. సూది వేసే ముందు తాగినవా, తాగుతవా అని అడగాలె. రెండేండ్ల లోపు పిల్లలకు ఫెనర్గాన్ అసలు ఇయ్యొద్దు, శ్వాస ఆగిపోయిన కేసులున్నయి. ప్రోస్టేట్ వాపు ఉన్న ముసలోళ్లకు మూత్రం బందయ్యే ప్రమాదముంటది, అది కూడ యాదిల ఉండాలె.

ఫెనర్గాన్ నరానికి ఎక్కించుడు ఇంకా డేంజర్. అది కండలోతుకు ఇచ్చే సూది, చర్మం కింద వేయొద్దు, ధమనిల పడొద్దు, నరం నుంచి బయటికి కారినా కండ మాడిపోతది. అమెరికాల డయానా లెవీన్ అని సంగీతం వాయించే ఆమె 2000ల మైగ్రేన్‌తోటి పోతే ఇదే మందు నరానికి ఇయ్యబోతే ధమనిల పడి గ్యాంగ్రీన్ అయ్యి ముందు చెయ్యి, తర్వాత మోచేతి కింది దాకా తీసేసిండ్రు, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 2009ల ఆమె గెలిచింది. అదే ఏడు అక్కడి ప్రభుత్వం మందు మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది, 2023ల మళ్లా గట్టి చేసింది. తప్పనిసరై నరానికి ఇయ్యాల్సొస్తే సెలైన్‌ల బాగ పలచగ కలిపి నిదానంగ ఇయ్యాలె, పేషంట్ "మంట మంట" అని మొత్తుకుంటే "ఏం కాదు ఓర్చుకో" అనుకుంట తోసుడు కాదు, అక్కడికక్కడే ఆపాలె.

అన్నిటికన్న నాకు బాధయ్యేది అడ్రినలిన్ సంగతి. తేనెటీగ కుట్టిందనో, ఏదో సూది పడలేదనో మొఖం ఉబ్బి, గొంతు పట్టేసి, పిల్లికూతలు వస్తుంటే చాలామంది ఇంకా అవిల్, డెక్సా ఇచ్చి చూద్దాం అంటరు. అవిల్ దురద తగ్గిస్తది కానీ గొంతు వాపును ఆపదు, పడిపోయిన బీపీని లేపదు. ముందు పడాల్సింది అడ్రినలిన్, పెద్దోళ్లకు వెయ్యికి ఒకటి పాళ్ల మందు అర మిల్లీలీటరు, తొడ బయటి పక్క కండకు, వెంటనే 108కు ఫోన్. పాము మందు ఎక్కించేటప్పుడు రియాక్షన్ వచ్చినా ముందు అదే. టీకాలు వేసే చోట అడ్రినలిన్ కిట్ ఉంచుతరు, మరి రోజూ సూదులు పొడిచే గదిల ఎందుకుండదు?

అర్హత లేనోళ్లు సూది వేసుడే చట్టానికి విరుద్ధం, మెడికల్ కౌన్సిల్ దాడులు కూడ చేస్తుంది, మంచిదే. కానీ రాత్రిపూట పీహెచ్‌సీల డాక్టర్ లేకపోతే జనం ఇంకెక్కడికి పోతరు? జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) గారు రాత్రి డ్యూటీల సంగతి చూడాలె, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు చీటీ లేకుండ ఈ ఆంప్యూళ్లు అమ్మే షాపులను చూడాలె. ఇంకొకటి, సూది వేసినోళ్లు ఎవరైనా సరే మందు పేరు, ఎంత ఇచ్చిండ్రు, ఎన్ని గంటలకు ఇచ్చిండ్రు ఒక చీటీ మీద రాసి పేషంట్ చేతుల పెట్టేటట్టు ఆర్డర్ వేయాలె, ఎందుకంటే రాత్రి మనిషి తెలివి తప్పి వరంగల్ ఎంజీఎం దవాఖానకు వస్తే క్యాజువాలిటీల డాక్టర్ మొదలు అడిగేది అదే, "ఏదో దురద సూది సార్" అంటే ఆయన దేనికని వైద్యం చేస్తడు.

ఇట్లు,
రిటైర్డ్ స్టాఫ్ నర్స్,
హనుమకొండ