రొయ్యకున్న తనిఖీ మనిషికి లేదా? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటల దగ్గర టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. నీళ్ళలో ఆక్సిజన్ చూడడం, మేత లెక్క రాయడం, సీడు (రొయ్య పిల్లలు) వదిలిన రోజు నుంచి పట్టుబడి (రొయ్యలు పట్టే రోజు) దాకా గుంట పుస్తకం నింపడం నా పని. మా సొంతూరు కనిగిరి వైపు మెట్టలో ఉంది. అమ్మానాన్నలు ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. మా నాన్న కాలికి ఏమైందో, ఎందుకైందో మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాన్నకు అరవై ఎనిమిదేళ్ళు. షుగర్ ఉంది. రోజూ గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటాడు. మా మెట్టలో ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి మీకు తెలిసిందే. యాభై దాటిన వాళ్ళలో కీళ్ళ నొప్పులు లేనివాళ్ళు మా వీధిలో తక్కువ. నాన్న కూడా మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే మాత్రలు వాడేవాడు. అవి వేసుకున్న రోజు పొలం దాకా నడిచేవాడు, లేని రోజు అరుగు దిగేవాడు కాదు. ఆ పొట్లంలో ఉండే చిన్న తెల్ల బిళ్ళ స్టెరాయిడ్ అని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పోయిన కార్తీకంలో ఆయనకు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. దగ్గర్లోని టౌనుకు వెళ్ళి మెడికల్ షాపులో చెప్పాడు. షాపతను షీటులోంచి అయిదు మాత్రలు కత్తెరతో కత్తిరించి ఇచ్చి, "రోజుకొకటి వేసుకో పెద్దాయనా" అన్నాడు. వయసు అడగలేదు. షుగర్ ఉందా అని అడగలేదు. ఇంకేం మాత్రలు వాడుతున్నావని అడగలేదు. చీటీ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆ మాత్ర లీవోఫ్లాక్సాసిన్ 500. కత్తిరించిన ముక్క మీద పేరులో సగమే మిగిలింది. డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని చెప్పే ఎర్ర గీత ఉన్న భాగం షాపులోనే ఉండిపోయింది.

రెండో రోజు నాన్న నాకు ఫోన్ చేసి, "జ్వరం పోయిందిరా, మంచి పవరున్న మందు ఇచ్చాడు" అన్నాడు. నేనూ సంతోషించాను. ఆ రాత్రే ఆయనకు ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడింది. అమ్మకు అంతకుముందు ఒకసారి షుగర్ పడిపోయిన అనుభవం ఉంది కాబట్టి వెంటనే చక్కెర నీళ్ళు తాగించింది. మూడో రోజు మడమ వెనక నొప్పి మొదలైంది. ఎక్కువ నడిచానేమో అనుకున్నాడు. అమ్మ ఆముదం రాసి కాపడం పెట్టింది. నాలుగో మాత్ర, అయిదో మాత్ర కూడా వేసుకున్నాడు. కోర్సు మధ్యలో ఆపకూడదని మేమే కదా ఆయనకు చెప్పింది.

అయిదో రోజు పొద్దున గొడ్ల చావిట్లోంచి గడప దిగుతుంటే మడమ వెనక టప్‌మని శబ్దం వచ్చింది. ఎవరో వెనక నుంచి రాయి విసిరారనుకుని తిరిగి చూశాడట. వెనక ఎవరూ లేరు. అక్కడే కూలబడిపోయాడు.

నెల్లూరు తీసుకొచ్చి ఆసుపత్రిలో చూపించాను. డాక్టర్ గారు ఆయన్ని బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కారు. మామూలుగా పిక్క నొక్కితే పాదం కదలాలి. నాన్న పాదం కదల్లేదు. పిక్క కండను మడమ ఎముకతో కలిపే పట్టీ, మనం ఊళ్ళల్లో లావు నరం అంటాం, డాక్టర్లు టెండన్ అంటారు, అది పూర్తిగా తెగిపోయింది. ఆ తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న నేను మర్చిపోలేను. "ఈ మధ్య జ్వరానికేమైనా మందు వాడారా?" అన్నారు. నేను జేబులోంచి ఆ షీటు ముక్క తీసి ఇచ్చాను. పొట్లం మాత్రల సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మంత్రి గారూ, ఆ రోజు డాక్టర్ గారు చెప్పింది విన్నాక, ఆ తర్వాత చదివి తెలుసుకున్నాక, ఇది మా నాన్న దురదృష్టం అని సరిపెట్టుకోలేకపోయాను. సిప్రోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, ఇవన్నీ ఒకే కుటుంబం మందులు. ఫ్లోరోక్వినలోన్లు అంటారు. వీటివల్ల టెండన్లు వాచి తెగిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే మందు లేబుల్ మీద నల్ల పెట్టెలో, అంటే అన్నిటికన్నా గట్టి హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్ళకు, స్టెరాయిడ్లు వాడేవాళ్ళకు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళకు ప్రమాదం మరింత ఎక్కువని అందులోనే ఉంది. కాళ్ళూ చేతుల్లో నరాలు దెబ్బతిని తిమ్మిర్లు, మంటలు వచ్చి ఉండిపోవచ్చని 2013లో చేర్చారు. వేరే మందు ఉన్నప్పుడు మామూలు సైనస్‌కీ, బ్రాంకైటిస్‌కీ, చిన్నపాటి మూత్ర ఇన్‌ఫెక్షన్‌కీ వీటిని వాడొద్దని 2016లో చెప్పారు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకు షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చని, మనసు గందరగోళపడవచ్చని 2018 జులైలోనూ, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చీలిపోయే అవకాశం ఉందని అదే ఏడాది డిసెంబరులోనూ చెప్పారు. యూరప్ 2019లో వీటి వాడకాన్ని బాగా కట్టడి చేసింది. బ్రిటన్ 2024 జనవరిలో, వేరే యాంటీబయాటిక్ పనికిరానప్పుడే వీటిని రాయాలని తేల్చి చెప్పింది.

అంటే నాన్నకు చెమటలు పట్టిన రాత్రి, మడమ నొప్పి మొదలైన పొద్దున, రెండూ ముందే రాసి ఉన్న హెచ్చరికలే. వయసు, స్టెరాయిడ్, షుగర్ మాత్ర మూడూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు.

ఈ మందు చెడ్డదని నేను అనడం లేదు. మొండి క్షయకు ఇచ్చే మందుల్లో లీవోఫ్లాక్సాసిన్ ముఖ్యమైనదని తెలుసు. దీనివల్ల బతికినవాళ్ళు ఎందరో ఉంటారు. టెండన్ తెగిపోవడం అరుదు అని కూడా డాక్టర్ గారు నాకు స్పష్టంగా చెప్పారు. ఈ ఉత్తరం చదివి ఎవరూ డాక్టర్ రాసిన కోర్సు భయపడి మానేయకూడదు. కానీ ఈ మందు వాడుతుండగా మడమలోనో భుజంలోనో కొత్తగా నొప్పి వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా, ఆ కాలికి పని చెప్పకుండా, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ఈ ఒక్క మాట మా ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే మూడో రోజే ఆగి ఉండేవాళ్ళం.

ఇప్పుడు నా పని గురించి చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అక్కడుంది.

తీరంలో రొయ్యల సాగును నియంత్రించే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, గుంటల్లో వాడకూడదని నిషేధించిన మందుల జాబితా ఒకటి ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లతో పాటు ఫ్లోరోక్వినలోన్లు కూడా అందులో ఉన్నాయి. మా నాన్నకు అడగకుండా ఇచ్చిన మందు కుటుంబమే అది. నేను ఆ మందు గుంటలో వేస్తే మా రైతు సరుకు పోతుంది, నా ఉద్యోగం పోతుంది. యూరప్‌కి వెళ్ళే సరుకైతే పట్టుబడికి ముందే శాంపిల్ తీసి, మందుల ఆనవాళ్ళు పరీక్షించే ఎలీసా ల్యాబ్‌కి పంపాలి, సర్టిఫికెట్ రావాలి. 2016లో యూరప్ వాళ్ళు మన రొయ్యల్లో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచినప్పుడు మా దగ్గర ఎంత టెన్షన్ నడిచిందో నాకు గుర్తుంది. ఏ గుంటలో ఏ రోజు ఏం వేశామో రాయని రైతు లేడు. మీటింగులు పెట్టారు, పోస్టర్లు అంటించారు, తెలుగులో కరపత్రాలు పంచారు. చదువు రాని కూలీకి కూడా యాంటీబయాటిక్ అనే మాట అర్థమైంది.

అదే కూలీ సాయంత్రం విరేచనాలైతే మెడికల్ షాపుకెళ్ళి ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర నాలుగు తెచ్చుకుంటాడు. ఎవరూ ఏమీ రాయరు. మే నెల ఎండలో గుంట గట్టు మీద పనిచేసే మనిషికి, ఈ మందులు వాడేటప్పుడు ఎండ తగిలితే చర్మం కాలినట్టు ఎర్రబడుతుందని ఎవరూ చెప్పరు. గ్యాస్ సిరప్‌తోనో, ఐరన్ మాత్రతోనో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదని కూడా చెప్పరు. మనం తినే రొయ్య విషయంలో చేయగలిగామంటే మనిషి విషయంలో కూడా చేయగలం అనే నమ్మకంతోనే మీకు రాస్తున్నాను.

చట్టం లేక కాదు. సిప్రోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్ షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ ఇంకా కఠినమైన షెడ్యూల్ హెచ్‌1లో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న నిబంధన అది. రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎన్ని మాత్రలు అన్నవి వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. ఆ లెక్కన మా నాన్న పేరు కూడా ఎక్కడో ఒక రిజిస్టర్‌లో ఉండాలి. నేను వెళ్ళి అడగలేదు. ఆ షాపతని మీద కోపం తీర్చుకోవడం నాకు అక్కర్లేదు. పది కిలోమీటర్ల అవతల ఉన్న ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, ఒక రోజు కూలి వదులుకుని, లైన్లో నిలబడలేనివాళ్ళకు అతనే దిక్కు. ఆర్ఎంపీ కూడా అంతే, అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే. వాళ్ళను కేసులతో బెదిరించి వదిలేస్తే జనం మరింత దూరమవుతారు. వాళ్ళకు తెలియజెప్పాలి, ఆ తర్వాత కచ్చితంగా అడగాలి.

కేరళలో 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరుతో చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు అమ్మే షాపుల మీద ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టారు. యాంటీబయాటిక్‌ను నీలం రంగు కవర్లో పెట్టి ఇచ్చే పద్ధతి కూడా తెచ్చారు. చదువు రానివాళ్ళకు కూడా రంగు అర్థమవుతుంది. మన దగ్గర కూడా అలాంటి కవర్ ఒకటి తెప్పించండి. దాని మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, మడమ బొమ్మ వేసి, "ఇక్కడ నొప్పి వస్తే మాత్ర ఆపి డాక్టర్‌కి చెప్పండి" అని ముద్రించండి. షీటును కత్తిరించినప్పుడు మందు పేరు, గడువు తేదీ పోకుండా ఆ కవర్ మీదే రాసివ్వాలని షాపులకు ఆదేశం ఇవ్వండి.

అమ్మే ముందు వయసు, స్టెరాయిడ్ లేదా నొప్పుల పొట్లాలు, షుగర్ మాత్ర, కిడ్నీ జబ్బు గురించి అడగడం తప్పనిసరి చేయండి. కిడ్నీ మాట ఎందుకంటున్నానంటే, లీవోఫ్లాక్సాసిన్ ఒంట్లోంచి ఎక్కువగా బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే. అవి సరిగా పనిచేయనివాళ్ళకు డోసు తగ్గించాలి. కనిగిరి మెట్టలో కిడ్నీ జబ్బులతో ఎందరు బాధపడుతున్నారో మీ శాఖ దగ్గర లెక్కలుంటాయి. ఆ మండలాల్లో మాత్రం ముందుగా ఈ పని మొదలుపెట్టమని చేతులు జోడించి అడుగుతున్నాను. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీలకు (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందికి), ఏఎన్ఎంలకు, ఆశా అక్కలకు ఈ మందుల మీద ఒక్క పూట శిక్షణ ఇస్తే, ఇంటింటికీ వెళ్ళేది వాళ్ళే కాబట్టి మాట తొందరగా చేరుతుంది. దగ్గు నెలల తరబడి తగ్గనివాళ్ళు ఈ మాత్ర కొనుక్కుని వాడితే తాత్కాలికంగా తగ్గినట్టు అనిపించి క్షయ ఆలస్యంగా బయటపడుతుందని కూడా వాళ్ళకు చెప్పించండి. నొప్పుల పొట్లాల్లో స్టెరాయిడ్లు కలిపి ఇవ్వడాన్ని మాత్రం వేరుగా, గట్టిగా పట్టించుకోవాలి. మా నాన్న టెండన్ తెగడానికి లీవోఫ్లాక్సాసిన్ ఎంత కారణమో, ఏళ్ళ తరబడి మింగిన ఆ తెల్ల బిళ్ళ కూడా అంతే కారణమని నేను అనుకుంటున్నాను.

ఇంకొకటి. మందు వికటిస్తే చెప్పుకోవడానికి కేంద్ర ప్రభుత్వానికి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి ఉంది. 1800 180 3024 అని టోల్ ఫ్రీ నంబర్ ఉంది. డాక్టర్లే కాదు, మామూలు మనుషులు కూడా చెప్పవచ్చు. నాకు ఆ నంబర్ ఉందని నాన్న కాలి టెండన్ తెగిన చాలా రోజులకు తెలిసింది. ప్రతి మెడికల్ షాపు ముందు, ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద ఆ నంబర్ తెలుగులో రాయించండి. మా మెట్టలో ఇలా కాలి టెండన్ తెగినవాళ్ళు ఇంకెందరున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. చెప్పుకునే చోటు తెలియక వాత నొప్పి అనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఉంటారు.

నాన్నకు ఆపరేషన్ చేశారు. ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తాడు. మునివేళ్ళ మీద లేవలేడు, చావిడి గడప దిగేటప్పుడు అమ్మ చేయి పట్టుకుంటుంది. కంది చేను కౌలుకిచ్చేశాం.

ఈ వేసవి పంట పట్టుబడి అయ్యాక మా మండలంలో రైతులు, కూలీలు కాస్త ఖాళీగా ఉంటారు. మీ శాఖ నుంచి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గారు, ఆరోగ్య కేంద్రం డాక్టర్ గారు వచ్చి ఒక్క సాయంత్రం మాట్లాడితే చాలు. రొయ్యల మీటింగులకు జనాన్ని పోగుచేసిన అనుభవం నాకుంది. మైపాడు నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషుల్ని తీసుకొచ్చే బాధ్యత నాది. మెడికల్ షాపుల వాళ్ళను కూడా నేనే వెళ్ళి పిలుస్తాను.

ఇట్లు,
ఒక రొయ్యల గుంటల టెక్నీషియన్,
ఇందుకూరుపేట మండలం,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా