ఉక్క లెక్క: మీ ఇంటికి వస్తున్న నీలం చీటీ గురించి

తల్లిదండ్రులకు, ఇంటి దగ్గర పిల్లల చదువు చూసుకునే తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారం.

ఈ నెల వార్తాలేఖతో పాటు మీ పిల్లల సంచిలో ఒక నీలం చీటీ కూడా వస్తోంది. ఈ ఉత్తరం దాని గురించే. పరీక్షల తేదీలు, దసరా సెలవులు వెనక పేజీలో ఉన్నాయి. దయచేసి ముందు ఇది చదవండి.

ఏప్రిల్ నుంచి మన బడి, ప్లస్ టూ కాలేజీ కలిసి ఒక పద్దు రాస్తున్నాయి. మన ఆవరణ వల్ల ఏడాదిలో ఎంత కార్బన్ డయాక్సైడ్, ఎంత మీథేన్, వేడిని పట్టి ఉంచే మరికొన్ని వాయువులు ఎంత గాలిలో కలుస్తున్నాయో అందులో లెక్క కడుతున్నాం. పాఠ్యపుస్తకంలో వీటిని హరితగృహ వాయువులు అంటారు. ఎనిమిదో తరగతిలో ఈ మాట చెప్పగానే ఒక అబ్బాయి, "హరితం అంటే పచ్చదనం కదా టీచర్, మంచిదే కదా, మరి ఎందుకు తగ్గించాలి?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. చలి దేశాల్లో మొక్కలు వెచ్చగా ఉండాలని కట్టే అద్దాల ఇంటి నుంచి వచ్చిన పేరు అది. పర్లాకిమిడి పిల్లలు అలాంటి ఇల్లు ఎక్కడ చూస్తారు? వాళ్లకు తెలిసింది ఉక్క. వాన పడే ముందు గాలి ఆడక, చెమట ఆరక, ఒంటికి దుప్పటి చుట్టినట్టుండే ఉక్క. పగలంతా ఎండకు కాగిన నేల వదిలే వేడిని పైకి పోనివ్వకుండా ఈ వాయువులు చేసే పని దాదాపు అలాంటిదే. అలా పిల్లలే దీనికి "ఉక్క లెక్క" అని పేరు పెట్టుకున్నారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మనది. ఇక్కడి పిల్లలు తమకు తెలిసిన మాటతోనే తమ పాఠానికి పేరు పెట్టుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. పద్దు పుస్తకం అట్ట మీద ఆ పేరే రాయించాను.

ముందు వంటగది లెక్క మొదలుపెట్టాం. ఇంట్లో వాడే గ్యాస్ బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అదంతా మండితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని కెమిస్ట్రీ మాస్టారు బోర్డు మీద రాశారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు లేచి, "పద్నాలుగు కిలోల బండలోంచి నలభై రెండు కిలోలు ఎలా వస్తాయి సార్? గుణకారం తప్పింది" అంది. మిగతా పిల్లలూ తప్పే అన్నారు. మాస్టారు కాదనలేదు, అవుననలేదు. అందర్నీ వంటగది వసారాలోకి తీసుకెళ్లి ఒక నిండు బండను, ఒక ఖాళీ బండను తూకం వేయించారు. తేడా ఎంతో పిల్లల చేతే నోటుబుక్కులో రాయించారు. అక్కడే నేల మీద సుద్దముక్కతో, ఆ గ్యాస్‌లో ఉండే ప్రొపేన్ బొమ్మ వేశారు. అందులో కార్బన్‌లు మూడు, హైడ్రోజన్‌లు ఎనిమిది. కార్బన్ బరువు 12, హైడ్రోజన్ 1. అన్నీ కలిపితే 44. అది మండినప్పుడు ఒక్కో కార్బన్ రెండు ఆక్సిజన్‌లను పట్టుకుంటుంది. ఆక్సిజన్ బరువు 16. అంటే ఒక్కో కార్బన్ డయాక్సైడ్ బరువు 44, మూడూ కలిపి 132. నలభై నాలుగు వెళ్లి నూట ముప్పై రెండై వచ్చింది. సరిగ్గా మూడు రెట్లు. గ్యాస్‌లో ఉండే రెండో సరుకు బ్యూటేన్‌కు కూడా లెక్క ఇంచుమించు ఇంతే. ఆ అమ్మాయి సుద్ద తీసుకుని మళ్లీ మొదటి నుంచి తనే కూడింది. కూడి, "మిగతా బరువు బండలోది కాదు, గాలిలోది" అంది. నేను అక్కడే ఉన్నాను. ముప్పై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెబుతున్నాను, అయినా ఆ పూట నాకు చాలాకాలం గుర్తుంటుంది.

మన బడికి వచ్చేవి 19 కిలోల బండలు. ఒక్కోదానికి సుమారు 57 కిలోలు రాసుకుంటున్నాం.

జనరేటర్ దగ్గర మాత్రం మన తప్పు బయటపడింది. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కాబట్టి ఎన్ని లీటర్లో తెలిస్తే చాలు. కానీ మన రిజిస్టర్‌లో జనరేటర్ ఎన్ని గంటలు నడిచిందో రాశారు గానీ ఎంత డీజిల్ పోశారో రాయలేదు. కొన్ని నెలల రసీదులు దొరకలేదు. ఆ రిజిస్టర్ మీద నెలనెలా సంతకం పెట్టేది నేనే కాబట్టి బాధ్యత నాదే. పోయిన నెలలకు సుమారుగా ఒక అంకె వేసేద్దామని ఒకరిద్దరు అన్నారు. ఒప్పుకోలేదు. ఆ గళ్లు ఖాళీగానే ఉన్నాయి, పక్కన "రసీదు లేదు" అని పిల్లలు ఎర్ర సిరాతో రాశారు. జూలై నుంచి ప్రతి డబ్బా కొలిచి పోస్తున్నాం.

కరెంటు లెక్క సులువు. బిల్లులో యూనిట్లు ఉంటాయి. దేశమంతటి గ్రిడ్ మీద, అంటే కరెంటు తీగల అల్లిక మీద, ఒక యూనిట్‌కు ఎంత కార్బన్ డయాక్సైడ్ పడుతుందో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటిస్తుంది. అది ఇప్పుడు సుమారు 700 గ్రాములు. పిల్లలు ఇక్కడా ఊరుకోలేదు. "మాకు బలిమెల, మాచ్‌ఖండ్ నీళ్ల కరెంటు ఉంది కదా, మనకెందుకు బొగ్గు లెక్క?" అన్నారు. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ కూడా మిగతా దేశంతో కలిసిపోయింది. అప్పటి నుంచి దేశమంతా ఒకే గ్రిడ్. అన్ని కాలువల నీళ్లూ ఒకే చెరువులో కలిశాక, నా బిందెలోవి ఫలానా కాలువ నీళ్లని చెప్పలేం కదా. ఆంధ్రాలోని పాతపట్నంలో వెలిగే బల్బుకూ, సరిహద్దుకు ఇవతల ఒడిశాలో మన ఊళ్లో వెలిగే బల్బుకూ అదే 700 గ్రాములు.

కంప్యూటర్ గదిలోని ఏసీ గురించి నాకు ముందు తోచనే లేదు. గ్యాస్ నింపించిన పాత బిల్లులో "గ్యాస్ ఫిల్లింగ్" అని మాత్రమే ఉంది, ఏ గ్యాసో లేదు. ఏసీ వెనక రేకు మీద చూస్తే ఆర్-410ఏ అని ఉంది. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే దాని ప్రభావం దాదాపు రెండు వేల రెట్లు. అంటే ఒక్క కిలో కారిపోతే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. ఇంటి గ్యాస్ బండలు నలభై ఏడు మండించినంత! గ్యాస్ పోతే మళ్లీ నింపించుకోవడమే మనకు అలవాటు. పోయింది ఎటు పోయిందని అడగం. ఇకనుంచి ముందు లీకు మూయించి, ఆ తర్వాతే నింపించాలని, నింపిన గ్యాస్ పేరు, బరువు బిల్లులో రాయించుకోవాలని నిర్ణయించాం. మీ ఇళ్లల్లో ఏసీ ఉంటే మీరూ అడగండి.

ఎంగిలి అన్నం సంగతి క్లుప్తంగా చెబుతాను. గోతిలో వేసి మట్టి కప్పేస్తే గాలి తగలక కుళ్లి మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. ఆరో తరగతి పిల్లలు రోజూ బకెట్లు తూచి రాస్తున్నారు. పప్పు, కూరగాయలు కలిపి వండే దాల్మా పెట్టిన రోజు బకెట్ తేలిగ్గా ఉంటోంది, సోయా వడియాల కూర రోజు బరువుగా ఉంటోంది. వంట చేసే అక్కలతో ఈ విషయం మాట్లాడాం.

పోయిన సమావేశంలో ఒక నాన్నగారు, "మన బడిలో ఇన్ని చెట్లున్నాయి కదమ్మా, అవన్నీ పీల్చేసుకోవా? ఇంక లెక్కెందుకు?" అన్నారు. చెట్లు పీల్చుకుంటాయి, నిజమే. కానీ దాన్ని ఈ పద్దులోంచి తీసివేయం. విడిగా వేరే పేజీలో రాస్తాం. ఎందుకో మన ఊరికి వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు మన గజపతి జిల్లాలో ఎన్ని చెట్లు కూలాయో, కొండ చరియలు విరిగి ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోయిందో మీరంతా చూశారు. యాభై ఏళ్లు పెరిగిన చెట్టు గంటలో పడిపోయి, ఆ తర్వాత పొయ్యిలోకి పోయింది. చెట్టులో దాచింది మళ్లీ గాలిలోకి వెళ్లిపోవచ్చు. నాటడం మానం, కానీ నాటామన్న ధైర్యంతో డీజిల్ లెక్క వదిలేయం.

అదే సమావేశంలో ఒక తాతయ్యగారు అడిగింది ఇంకా పెద్ద ప్రశ్న. "మా మనవడి సైకిల్ లెక్క రాస్తున్నారు, పెద్ద పెద్ద ఫ్యాక్టరీల లెక్క ఎవరు రాస్తారు?" న్యాయమైన మాట. మన దేశంలో మనిషికి పడే కార్బన్ డయాక్సైడ్ ప్రపంచ సగటులో సగం కూడా లేదు, మన కొండ ఊళ్లలో అయితే మరీ తక్కువ. ఈ పద్దు ఎవరి మీదా నేరం మోపడానికి కాదు. ఫ్యాక్టరీల లెక్కకు కూడా ఇవే నియమాలు, ఇవే మూడు పేజీలు: సొంతంగా మండించింది ఒకటి, కొన్న కరెంటు రెండు, తమ కోసం బయట మండింది మూడు. మీ మనవడు ఈ మూడు పేజీలు ఇప్పుడు నేర్చుకుంటే, రేపు ఏ కంపెనీ లెక్క చేతికిచ్చినా ఏ పేజీ ఖాళీగా ఉందో వేలు పెట్టి చూపించగలడు. నేను కోరుకునేది అదే.

ఇక నీలం చీటీ. అది ఆ మూడో పేజీ కోసం. పిల్లలు బడికి ఎలా వచ్చి వెళ్తున్నారో మీరు చెబితే తప్ప మాకు తెలియదు. కాశీనగర్ వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లున్నారు, పాతపట్నం నుంచి ఆటోలో వచ్చేవాళ్లున్నారు, గురండి రోడ్డు నుంచి సైకిల్ మీద, నాన్న బండి మీద వచ్చేవాళ్లున్నారు.

జూలైలో రెండు తరగతులకు ఇలాంటి చీటీ ఇచ్చి చూశాం. దాంట్లో రెండు పొరపాట్లు జరిగాయి. మొదటిది, చాలామంది "నడిచి" అని రాశారు. వాళ్లలో కొందరు గేటు దగ్గర స్కూటర్ దిగడం నేను రోజూ చూస్తున్నాను. బండి అని రాస్తే టీచర్ ఏమనుకుంటారోనని పిల్లలు భయపడ్డారు. ఆ భయం మేమే పెట్టి ఉంటాం. అందుకే ఈసారి చీటీ మీద పేరు లేదు, తరగతి మాత్రమే ఉంది.

రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. పాత చీటీలో ఇంట్లో వంట దేనితో చేస్తారనే ప్రశ్న కూడా పెట్టాం. కొండ మీది ఊరి నుంచి వచ్చి చదువుకునే ఒక అమ్మాయి వారం రోజులు చీటీ ఇవ్వలేదు. పిలిచి అడిగితే ఏడ్చింది. "మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండుతుంది టీచర్. ఎండలు మా వల్లే పెరుగుతున్నాయా?" అంది. ఆ రోజు ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. కట్టె మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఆ చెట్టు పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్నదే. అందుకే నియమాల ప్రకారం దాన్ని మొత్తంలో కలపరు, విడిగా రాస్తారు. బొగ్గు, పెట్రోల్ అలా కాదు. అవి కోట్ల ఏళ్లుగా భూమి లోపల ఉన్నవి, తవ్వి తీస్తున్నాం. కట్టెల పొయ్యిలోంచి కొంత మీథేన్ వస్తుంది, ఆ పొగ అమ్మ కళ్లకు, ఊపిరికి మంచిది కాదు. అది ఆమె ఆరోగ్యం కోసం ఆలోచించాల్సిన సంగతి. అసలు మీ ఇంటి పొయ్యి బడి పద్దులోకి రానే రాదు. ఆ ప్రశ్న అడగడం మా తప్పు. తీసేశాం.

చీటీలో ఇప్పుడు మూడే ప్రశ్నలు. ఇల్లు ఎంత దూరం, దేని మీద వస్తారు, దించిన బండి ఖాళీగా వెనక్కి వెళ్తుందా. మూడోది ఎందుకంటే, ఇల్లు 4 కిలోమీటర్లు ఉందనుకోండి. పొద్దున దించి వెనక్కి వెళ్తే 8, సాయంత్రం మళ్లీ 8. రోజుకు 16 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండి అయితే, లీటరు పెట్రోల్‌కు సుమారు 2.3 కిలోల చొప్పున, రోజుకు 800 గ్రాములు దాటుతుంది. 200 రోజుల బడికి సుమారు 165 కిలోలు, అంటే దాదాపు నాలుగు ఇంటి గ్యాస్ బండలు. నాన్నగారు అటు నుంచి అటే పనికి వెళ్లిపోతే లెక్క చాలా తగ్గుతుంది. ఎనిమిది మంది పిల్లలున్న ఆటో అయితే ఎనిమిదితో భాగిస్తాం.

బండి మీద దించడం మానేయమని నేను అడగడం లేదు. చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లను నడిపించండని ఏ టీచరూ చెప్పదు. ఉన్నది ఉన్నట్టు రాయండి, అంతే. ఏ వీధి నుంచి ఎంతమంది విడివిడిగా బండ్ల మీద వస్తున్నారో తెలిస్తే, అటువైపు ఒక ఆటో మాట్లాడవచ్చేమో చూస్తాం. దీనికి ఫీజు ఏమీ లేదు, మార్కులూ లేవు.

తెలుగులో గానీ ఒడియాలో గానీ నింపండి. రాయడం రాని ఇంట్లో పిల్లలు అడిగి రాస్తే చాలు. దసరా సెలవులకు ముందు చివరి పని రోజులోగా ఆఫీసు కిటికీ పక్కన పెట్టిన అట్టపెట్టెలో వేయమనండి. పద్దు పుస్తకం నా గదిలో బల్ల మీదే ఉంటుంది. శనివారాలు బడి వదిలాక ఎవరైనా వచ్చి పేజీలు తిప్పి చూడవచ్చు. ఎర్ర సిరా గళ్లతో సహా.

నమస్కారాలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు