నామినేషన్ల వేళ బీటా ఎందుకు మామా?

కడప,
14 ఏప్రిల్ 2024

ఒరేయ్ మామా,

నీ ఉత్తరంలో అమ్మ మోకాళ్ల నొప్పి గురించి ఒక్క ముక్క ఉంది, మిగిలినదంతా ఉబుంటు 24.04 బీటా, అంటే ఆ ఉచిత ఆపరేటింగ్ సిస్టం కొత్త వెర్షన్‌ను విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే రూపం, దాని పురాణమే. ముందు అమ్మను నేను అడిగానని చెప్పు. ఇక నీ ప్రింటింగు కొట్లోని ఉబుంటు మిషన్ మీద ఆ బీటా వేసుకోవచ్చా అన్న నీ ప్రశ్నకు జవాబు: ఆ మిషన్ మీద వెయ్యొద్దు. అలాగని బీటా జోలికే పోకుండా కూర్చోవద్దు. ఈ రెండూ ఎలా పొసుగుతాయో చెబుతాను, ఓపికగా చదువు.

పద్దెనిమిదిన నామినేషన్లు మొదలు, మే 13న పోలింగ్. ఈ నెల రోజులూ నీకు అన్నం తినడానికైనా తీరిక ఉంటుందా? పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు విండోస్ మిషన్‌లో ఉన్నాయి కాబట్టి ఉబుంటు మిషన్ పడుకున్నా ఫరవాలేదని రాశావు. మరి స్కానింగు, ప్రింటింగు దాని మీదే కదరా! నీ చిన్న లేజర్ ప్రింటరుకు హెచ్‌పీలిప్ అనే ప్రింటరు డ్రైవరుతో పాటు విడిగా ఒక ప్లగిన్ (అదనపు ముక్క) కావాలి, ఆ రెండింటి వెర్షన్లూ కలవాలి. ఉబుంటు మారితే హెచ్‌పీలిప్ మారుతుంది, ప్లగిన్ మళ్లీ దించుకోవాలి. మామూలు రోజుల్లో అది పెద్ద పనేమీ కాదు. అభ్యర్థి అనుచరులు అఫిడవిట్ కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటే మాత్రం నీకు చెమటలు పడతాయి. పైగా కర్నూలు ఎండలకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, నీ యూపీఎస్ సంగతి నాకు తెలుసు. ప్యాకేజీలు సగం మారి సగం మారకుండా మిషన్ ఆగిపోయిందంటే తర్వాత దాన్ని దారికి తేవడం నీ వంతు.

అసలు తొందర ఎందుకు? నీ మిషన్‌లో ఇప్పుడున్న ఉబుంటు 22.04కు ఏప్రిల్ 2027 దాకా భద్రతా సవరణలు వస్తాయి. దాని నుంచి కొత్తదానికి మారమని ఉబుంటు తానుగా అడిగేది కూడా 24.04.1 అనే తొలి సవరణ విడుదల వచ్చాకే, అంటే ఆగస్టులో. తయారుచేసిన వాళ్లే అన్ని నెలలు ఆగమంటుంటే నువ్వు విడుదలకు ముందే దూకుతానంటున్నావు.

ఇప్పుడు ఈ బీటాను వారం ఆలస్యం చేసిన ఎక్స్‌జెడ్ గొడవకు వద్దాం. నువ్వు వినే ఉంటావు గానీ పూర్తిగా విని ఉండవు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఇంజనీరు. ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో, కొత్త సరుకు ముందుగా వచ్చే అస్థిర శాఖ మీద ఏవో వేగాలు కొలుస్తుంటే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు, అంటే నెట్ ద్వారా దూరం నుంచి మిషన్‌లోకి వెళ్లడానికి, అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. మనమైతే నెట్ నెమ్మదిగా ఉందని ఒక తిట్టు తిట్టి ఊరుకునేవాళ్లం. ఆయన తవ్వుకుంటూ పోయాడు. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే లైబ్రరీలో, 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఎవరో దొడ్డిదారి పెట్టారని తేలింది. మార్చి 29న లోకానికి చెప్పాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా బుద్ధిగా కోడ్ రాసి, నమ్మకం సంపాదించి, విడుదలలు తన చేతికి వచ్చాక చేసిన పని అది. ఎంత ఓపికరా! ఆ ఓపికకు భయం వేస్తుంది నాకు.

ఏప్రిల్ 4న రావలసిన మన బీటా 11కు జరిగింది అందుకే. జాగ్రత్త కోసం, ఫిబ్రవరి 26 తర్వాత 24.04కు తయారైన బైనరీ ప్యాకేజీలన్నీ తీసేసి మళ్లీ తయారుచేశారు. చివరికి సరిగ్గా రంజాన్ రోజు వచ్చింది. పక్కింటివాళ్లు పంపిన షీర్ ఖుర్మా తాగుతూ దించుకున్నాను.

ఈ కథ విని, చూశావా, కొత్త సరుకు ముట్టుకోకూడదు అనేవాళ్లున్నారు. నిజమే, నీ 22.04లో ఉన్నది పాత 5.2 వరుస ఎక్స్‌జెడ్, దానికి ఏమీ కాలేదు. కానీ అస్థిర శాఖను నడిపే మనిషి ఒకడు ఉన్నాడు కాబట్టే కదా దొంగ దొరికింది! అందరూ ఆగస్టు దాకా చేతులు కట్టుకుని కూర్చుంటే ఆగస్టులో వచ్చేదాన్ని పరీక్షించింది ఎవరు?

అందుకే నువ్వు చూడాలంటున్నాను. ఇంగ్లీషులో తప్పు వస్తే పట్టుకోవడానికి లోకమంతా ఉంది. ‘జ్యోత్స్న’, ‘రాష్ట్రం’ తెర మీద ఒకలా, పీడీఎఫ్‌లో మరోలా వస్తే చెప్పేది ఎవరు? పెళ్లిపత్రికలో వత్తు జారితే గుమ్మంలోంచే కనిపెట్టే కన్ను నీది. అసలు విడుదల 25న. అది దాటితే ప్రతి సవరణకూ వేరే వడపోత ఉంటుంది, కాబట్టి చెప్పేదేదో ఈ పది రోజుల్లోనే చెప్పాలి.

పాత లాప్‌టాప్ నుంచి తీసిన ఎస్ఎస్‌డీ నీ దగ్గర ఊరికే పడి ఉంది కదా, దాని మీద వెయ్యి. రాత్రి కొట్టు కట్టేశాక అసలు డిస్కు కేబుల్ పీకి, ఇది తగిలించు. కేబుల్ పీకడం మర్చిపోకు: రెండు డిస్కులూ ఉంటే, మిషన్‌ను మొదలుపెట్టే బూట్ లోడర్ పోయి పాతదాంట్లో కూర్చునే ప్రమాదం ఉంది. జనం ఇచ్చిన ఆధార్ కాపీలు ఒక్కటి కూడా దీంట్లోకి ఎక్కించకు. బీటా కదా పారేయాలేమో అనుకోవద్దు, అప్‌డేట్లు పెట్టుకుంటూ పోతే 25 తర్వాత అదే అసలు 24.04 అవుతుంది.

ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డులో ఒక పేజీ కొట్టు, లిబ్రే ఆఫీసు నుంచి పీడీఎఫ్ చెయ్యి, ప్రింటు తియ్యి, స్కానరు నడుపు. తేడా వస్తే టెర్మినల్‌లో ఉబుంటు-బగ్ అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే అదే ఉబుంటు తప్పులు నమోదు చేసే లాంచ్‌ప్యాడ్ సైటుకు తీసుకెళ్తుంది. తెలుగు సరిగా రావడం లేదు అని మాత్రం రాయకు. ఏ ఫాంటు, ఏ అక్షరం, ఎలా రావాలి, ఎలా వచ్చింది, అన్నీ రాసి తెర బొమ్మ జోడించు. ఇంగ్లీషు రాయడం బద్ధకమైతే తెలుగులో రాసి నాకు పంపు, నేను మార్చి ఇస్తాను.

బీటా ఎక్కించిన పెన్‌డ్రైవ్ నా దగ్గర సిద్ధంగా ఉంది. వచ్చే ఆదివారం మా బావమరిది కర్నూలు వస్తున్నాడు, అతనికిచ్చి పంపుతాను. తిరుగు ప్రయాణంలో నా స్టీలు క్యారియర్ ఇచ్చి పంపు, పోయిన సంక్రాంతి నుంచి మీ ఇంట్లోనే ఉంది.

నీ,
కడప మామ