గ్రంథాలయ పన్నును గ్రంథాలయాలకే చేర్చండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను 31 సంవత్సరాలు శాఖా గ్రంథాలయాలలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనంలో గ్రంథాలయ శాస్త్రం సర్టిఫికెట్ కోర్సు చదివిన నాటి నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘంతో నాకు అనుబంధం ఉంది. అయితే ఈ లేఖ సంఘం తరఫున కాక, ఏటా ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్న ఒక పౌరుడిగా రాస్తున్నాను.

ఆ పన్ను సొమ్ము మా గ్రంథాలయానికి చేర్చమని గత నాలుగేళ్లలో మా పట్టణ పాఠకులం ఏడు వినతిపత్రాలు ఇచ్చాము. పురపాలక సంఘానికి వెళితే, శాఖా గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థను అడగమన్నారు, అక్కడికి వెళితే పురపాలక సంఘం నుంచి సొమ్ము రావాలన్నారు. చివరిసారి కలెక్టరు కార్యాలయంలో సోమవారం నాడు వరుసలో నిలబడి అర్జీ ఇచ్చాము. నెల తిరగకముందే సమస్య పరిష్కారమైనట్లు నా ఫోనుకు సందేశం వచ్చింది. ఎంతో ఆశతో మర్నాడు పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్లాను. పత్రికల బల్ల మీద ముందురోజు వలెనే రెండే దినపత్రికలు ఉన్నాయి. అవి కూడా ఎదురుగా ఉన్న మందుల దుకాణం యజమాని తాను చదివాక పంపుతున్నవి. బిల్లు పదకొండు నెలలుగా అందకపోవడంతో పత్రికల ఏజెంటు పంపిణీ ఆపేశారు. ఆయనను తప్పుపట్టలేము, ఆయనకూ కుటుంబం ఉంది.

చట్టం తమరికి తెలియనిది కాదు. ఆస్తిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. 2,500 రూపాయల పన్ను పడే చిన్న ఇంటివారు కూడా దానిపై 200 రూపాయలు గ్రంథాలయం పేరిటే కడుతున్నారు. గడువు దాటితే వడ్డీతో సహా కడుతున్నారు. స్థానిక సంస్థలు దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అది ప్రభుత్వం దయతో ఇచ్చే గ్రాంటు కాదు, పురపాలక సంఘం సొంత రాబడి అంతకన్నా కాదు. ఫలానా పనికి అని చెప్పి ప్రజల చేతుల్లోంచి తీసుకున్న సొమ్ము అది. దానిని మరో ఖర్చుకు మళ్లించే అధికారం ఎవరికి ఉందని అడిగితే, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధిదీపాల బిల్లులు ముందు చూసుకోవాలి కదా అని మాకు సమాధానం వచ్చింది. కార్మికుల జీతాలు ఒక్కరోజు కూడా ఆగకూడదని నేనూ అంటాను. కానీ వారి జీతాలకు వేరే పద్దు ఉంది, గ్రంథాలయానికి ఈ పన్ను తప్ప వేరే దిక్కు లేదు. పుస్తకాలు, పత్రికలు, అద్దె, కరెంటు బిల్లు, ఊడ్చే మనిషికి ఇచ్చే కొద్దిపాటి జీతం అన్నీ దీని మీదే నడవాలి.

మా గ్రంథాలయంలోకి ఒక్కసారి రండి, చూపిస్తాను. కొత్తగా వచ్చిన పుస్తకాలను నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టరులో చివరి పుస్తకం ఎక్కి మూడేళ్లు దాటింది. ఆ పేజీలో దాని కింద పద్నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి. ఇదే రిజిస్టరులో పాత పేజీలు తిప్పితే నా చేతిరాత కనిపిస్తుంది. కొత్త పుస్తకాల కట్ట వచ్చిన రోజున రాత్రి ఎనిమిది దాకా కూర్చుని నంబర్లు వేసిన రోజులున్నాయి. ఇప్పుడున్న గ్రంథాలయాధికారిణి రెండు శాఖలు చూస్తున్నారు. వారంలో మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ. ఆమె లేని రోజున తలుపు తెరిచేది ఆరు నెలలుగా జీతం అందని స్వీపరమ్మ. వెనక గది కప్పు కారుతుంటే, అక్కడున్న బీరువాల మీద ఆ గ్రంథాలయాధికారిణి సొంత డబ్బుతో టార్పాలిన్ కొని కప్పారు. అయినా కిందటి వానాకాలంలో ఒక బీరువా అడుగు వరుస చెదల పాలైంది. ఆ వరుసలో మళ్లీ అచ్చుకాని పుస్తకాలు ఉన్నాయి.

అన్నింటికన్నా నన్ను కుంగదీసేది పిల్లల పరిస్థితి. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకునేవారు రోజూ నలభై మంది దాకా వస్తారు. ఉన్న కుర్చీలు పద్దెనిమిది. మిగిలినవారు వరండాలో పట్టాలు పరుచుకుని కూర్చుంటారు. రైస్ మిల్లులో పనిచేసే ఒకాయన కూతురు, 2019 నాటి ఎకానమీ పుస్తకాన్ని పేజీ పేజీ తన నోటుబుక్కులో ఎక్కించుకుంటోంది, ఎందుకంటే ఉన్న ఒక్క ప్రతి కోసం ఆమె తరువాత ఐదుగురు ఎదురుచూస్తున్నారు. "తాతగారూ, కొత్త ఎడిషన్ తెప్పిస్తారా అండీ?" అని నన్ను అడిగింది. వాళ్ల నాన్న కూడా ఇంటిపన్ను కడుతున్నాడు. ఆ అమ్మాయికి నేనేం చెప్పాలో తమరే చెప్పండి.

ఈ రాష్ట్రంలో గ్రంథాలయాలు ప్రభుత్వం పెట్టగా మొదలు కాలేదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఊళ్ల నుంచి వచ్చిన గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఈ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. దేశంలో రాష్ట్రస్థాయి గ్రంథాలయ సంఘాలకు అది దారి చూపింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు జీవితమంతా దానికే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి పల్లెలకు చేర్చారు. ప్రజల దగ్గర చందాలు అడిగి నడిపిన పని ఎన్నాళ్లని సాగుతుందని, చట్టం కావాలని, నిలకడైన రాబడి కావాలని ఆ తరం పట్టుబట్టింది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం, అందులోని ఈ పన్ను ఆ కృషి నిలబెట్టిన ఏర్పాట్లు. ఆనాడు కాలువ మీద ఊరికి చేరిన పుస్తకం, ఈనాడు పన్ను కట్టినా పట్టణానికి చేరడం లేదంటే నాకు కడుపు తరుక్కుపోతోంది.

అయ్యా, మేము కొత్త పథకం అడగడం లేదు. ఏ స్థానిక సంస్థ ఎంత వసూలు చేసిందో, ఎంత జమ చేసిందో, ఎంత బకాయి ఉందో జిల్లాలవారీగా ప్రజల ముందు పెట్టించండి. పన్ను ఇప్పుడు ఆన్‌లైన్‌లో కడుతున్నాము కనుక, కట్టిన నిమిషంలోనే గ్రంథాలయ భాగం విడిపోయి గ్రంథాలయ సంస్థ ఖాతాకు చేరేలా ఆదేశించండి. ఖాళీ పోస్టుల మాట కూడా ఉంది, కప్పుల మరమ్మతుల మాట ఉంది; ముందు మా పన్ను మా గ్రంథాలయానికి చేర్చండి, దయచేసి చేర్చండి. ఈ విషయం మీద గ్రంథాలయ సంఘాన్ని, ఉద్యోగులను, పాఠకులను ఒకసారి పిలిచి మాట్లాడండి.

నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఆ లోపు పాత బకాయిలో మొదటి వాయిదా అయినా విడుదలైతే ఏజెంటు బాకీ, స్వీపరమ్మ జీతం తీరుతాయి, రిజిస్టరులో పదిహేను పుస్తకాలైనా ఎక్కుతాయి. ఈ సంవత్సరపు నా ఇంటిపన్ను రసీదు నకలు జతచేశాను. అందులో గ్రంథాలయ పన్ను అన్న వరుస కింద ఎర్ర సిరాతో గీత గీశాను.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత గ్రంథాలయాధికారి