హోమ్స్ సినిమాపై మీ చీటీలు చదివాక

‘షెర్లాక్ హోమ్స్’ (2009) ప్రదర్శన తర్వాత పెట్టెలో పడ్డ అభిప్రాయ చీటీలన్నీ చదివాం. గై రిచీ దర్శకత్వంలో రాబర్ట్ డౌనీ జూనియర్ డిటెక్టివ్ హోమ్స్‌గా, జూడ్ లా అతని స్నేహితుడు డాక్టర్ వాట్సన్‌గా చేసిన ఈ సినిమా కొందరికి తెగ నచ్చింది, కొందరికి ఒళ్లు మండించింది. మధ్యస్థంగా రాసినవాళ్లు తక్కువ. చందా కట్టి చూసేది మీరు కాబట్టి ఏ ఫిర్యాదుకు ఏం చేస్తున్నామో, దేన్ని ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పేస్తున్నాం. చివరి గుట్టు ఇక్కడ విప్పడం లేదు, సినిమా చూడనివాళ్లూ చదవొచ్చు.

ముందు ‘మాటలు వినపడలేదు’ అన్న ఫిర్యాదు. ఇది పూర్తిగా న్యాయమైనది. 5.1 శబ్దంలో (ఐదు స్పీకర్లు, లోతైన మోతలకు ఒక సబ్‌వూఫర్) మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకర్ నుంచే వస్తాయి. హాన్స్ జిమ్మర్ సంగీతమూ పేలుళ్లూ మిగతా స్పీకర్లలో, సబ్‌వూఫర్‌లో మోగుతాయి. డౌనీ ఏమో తన తర్కమంతా గొణుగుతూ గబగబా అప్పజెప్పేస్తాడు. మొత్తం వాల్యూమ్ పెంచితే గొణుగుడుతో పాటు పేలుడూ పెరుగుతుంది, ముందు వరసలవాళ్లు చెవులు మూసుకుంటారు. ఇకనుంచి మధ్య ఛానల్‌ను 3 డెసిబెల్స్ పెంచి, సబ్‌వూఫర్‌ను అంతే తగ్గించి వేస్తాం. అంతకు మించి పెంచితే మాటలు బొమ్మకు సంబంధం లేకుండా విడిగా అతికించినట్టు వినిపిస్తాయి. సబ్‌టైటిల్స్ కూడా అడిగారు. వాటితో ఒక చిక్కుంది: నటుడు నోరు తెరిచేలోపే వాక్యం చదివేస్తాం, హోమ్స్ వాట్సన్‌ల ఎత్తిపొడుపులు సగం చప్పబడిపోతాయి. అందుకని మొదటి ఆట సబ్‌టైటిల్స్‌తో, రెండో ఆట అవి లేకుండా.

‘బొమ్మ మసకగా ఉంది’ అన్నది సగమే నిజం. పొగ పట్టిన లండన్ కోసం ఈ సినిమా రంగుల్నే బూడిద, నీలం వైపు లాగారు. ప్రొజెక్టర్‌లో ‘బ్రైట్‌నెస్’ పెంచితే వెలుగు పెరగదు, నలుపు కాస్తా బూడిద అవుతుంది. చేయాల్సింది దీపాన్ని వెలుగు తగ్గించే ఎకో మోడ్ నుంచి తీసేయడం, తలుపు సందుల్లోంచి వచ్చే వెలుగు ఆపడం. రెండూ చేస్తున్నాం. మిగతా మసక దర్శకుడిది.

ఇక అసలు గొడవ: ‘ఇతను హోమ్స్ కాదు, కొట్లాటగాడు’.

ఇక్కడ మాత్రం మీతో వాదన తప్పదు. చీటీల్లో ఎక్కువమంది వెతికింది టోపీనీ వంకర పైపునీ. హోమ్స్‌ను సృష్టించిన రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ తన కథల్లో ‘డీర్‌స్టాకర్’ (చెవులు కప్పే ఆ వేట టోపీ) అన్న పేరే రాయలేదు. ఆ టోపీని హోమ్స్ నెత్తిన పెట్టింది 1891లో ‘ది బాస్కోంబ్ వ్యాలీ మిస్టరీ’కి బొమ్మలు వేసిన సిడ్నీ పాజెట్. వంకర పైపు 1899 నాటకంలో హోమ్స్ వేషం కట్టిన విలియం జిల్లెట్ చలవ అంటారు. ‘ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్’ అన్న వాక్యమూ డాయిల్ కథల్లో ఎక్కడా లేదు.

కొట్లాట మాత్రం పుస్తకంలోదే. 1887 నాటి ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’లో వాట్సన్ రాసుకున్న జాబితాలోనే కర్రసాము, బాక్సింగ్, కత్తిసాముల్లో హోమ్స్ దిట్ట అని ఉంది. ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో మక్‌మర్డో అనే బాక్సర్, తనతో మూడు రౌండ్లు ఆడిన హోమ్స్‌ను గుర్తుపడతాడు. సినిమాలో బరిలో ఎదురుపడేవాడి పేరూ అదే, ఊరికే పెట్టలేదు. ప్రతి దెబ్బనూ ముందు మనసులో నెమ్మదిగా లెక్కగట్టి, తర్వాత అసలు వేగంతో కొట్టే ఆ పద్ధతి డాయిల్ రాయనిదే, కానీ చాలామంది మెచ్చుకున్నదీ దాన్నే. మా లెక్కలోనూ సినిమా మొత్తంలో తెలివైన ఆలోచన అది. తర్కం కనపడేది కాదు, దాన్ని కంటికి కనపడేలా చేశారు.

గోడ మీద తుపాకీ గుండ్లతో పొదిగిన వీ.ఆర్. (విక్టోరియా రాణి) అక్షరాలు, వాట్సన్ జూదం పిచ్చి, ఒళ్లో పడేసుకుని గీకే వయొలిన్, గడియారం మీది గీతలు చూసి దాని సొంతదారు తాగుబోతని పట్టేయడం: ఇవన్నీ కథల్లోంచి ఏరి తెచ్చినవే. వాట్సన్‌ను అమాయకపు తోకలా కాకుండా యుద్ధం చూసొచ్చిన డాక్టర్‌గా చూపడం కూడా డాయిల్‌కు దగ్గరే. ‘పాత నలుపు తెలుపు హోమ్సే అసలు’ అని రాసినవాళ్లకు ఒక మాట. బేసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా 1939 నుంచి 1946 దాకా చేసిన 14 సినిమాల్లో మొదటి రెండే విక్టోరియా కాలంలో నడుస్తాయి. తక్కిన పన్నెండూ అప్పటి వర్తమానంలోకి తెచ్చినవే, కొన్నిట్లో హోమ్స్ నాజీ గూఢచారుల వెంట పడతాడు. ఆధునికం చేయడం నిన్నటి రోగం కాదు.

సినిమా నిజంగా దారి తప్పింది ఆడవాళ్ల దగ్గర. దీని మీద వచ్చిన చీటీలు తక్కువే. ఐరీన్ ఆడ్లర్ నేరుగా కనిపించేది ఒక్క కథలో, ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’. అందులో ఆమె గాయని, హోమ్స్‌ను ఓడించి భర్తతో వెళ్లిపోతుంది. హోమ్స్‌కు ఆమెపై ఉన్నది ప్రేమ కాదని వాట్సన్ మొదట్లోనే తేల్చేస్తాడు. సినిమాలో ఆమె దొంగ, పైగా హోమ్స్ బలహీనత. వాట్సన్ పెళ్లాడే మేరీ మోర్స్టన్ ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో స్వయంగా హోమ్స్ ఉండే బేకర్ స్ట్రీట్‌కు కేసు తెస్తుంది, వాట్సన్‌కు పరిచయమయ్యేదే అక్కడ. సినిమాలోనేమో హోమ్స్ ఆమెను మొదటిసారి చూసేది భోజనాల బల్ల దగ్గర, అదీ అవమానించడానికి.

‘ఆధారాలు మాకు చూపలేదు’ అన్నారు. చూపారు, నిలవనివ్వలేదు. హోమ్స్ వాసన చూస్తాడు, వేలితో రాసి చూస్తాడు, షాట్ మారిపోతుంది. డాయిల్ హోమ్స్ కూడా నేల మీద ఏదో ఏరి, కవర్లో వేసుకుని, వాట్సన్‌కు చెప్పడు. అయినా ‘సిల్వర్ బ్లేజ్’ కథలో రాత్రి మొరగని కుక్క సంగతి పాఠకుడి ముందే పెట్టాడు కదా. ఈసారి చూసేటప్పుడు మాటలు వదిలేసి డౌనీ ముక్కునీ చేతుల్నీ గమనించండి, ముగింపులో పనికొచ్చేవన్నీ అక్కడే దొరుకుతాయి. విరామం కూడా మారుస్తున్నాం. సినిమా 128 నిమిషాలు, సరిగ్గా సగానికి కోస్తే వెతుకులాట తెగిపోతుంది. ఓడ నీళ్లలోకి జారి మునిగే సన్నివేశం అవగానే ఆపుతాం. ప్రయోగశాలలో కనపడినవి అప్పటికింకా మనసులో ఉంటాయి, టీ తాగుతూ వాదించుకోవచ్చు.

ప్రదర్శనకు ముందు చదువుకోవడానికి చిన్న కట్ట ఇస్తాం: ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’ మొత్తం, ‘ద సైన్ ఆఫ్ ఫోర్’ మొదటి రెండు అధ్యాయాలు (గడియారం, మేరీ), ‘మస్గ్రేవ్ రిచువల్’ తొలి పేజీలు (వీ.ఆర్. అక్షరాలు), దయ్యాలంటే నమ్మని హోమ్స్ కోసం ‘ది ససెక్స్ వాంపైర్’. సమాధి లోంచి లేచొచ్చే విలన్‌ను చూసి నవ్వినవాళ్లు ఆ చివరిది ముందు చదవండి. కట్టలో ఉండేది ఇంగ్లీషు మూలమే. డాయిల్ 1930లో పోయారు, ఆయన కథల మీద హక్కులు తీరిపోయాయి. తెలుగు అనువాదాలకు అనువాదకుల హక్కులు వేరు కాబట్టి వాటిని అద్దెకిస్తాం, జిరాక్స్ తీయం.

2011 నాటి రెండో భాగం ‘ఎ గేమ్ ఆఫ్ షాడోస్’ ఎప్పుడని చాలామంది అడిగారు. కొన్న డిస్క్ ఇంట్లో చూసుకోవడానికే పనికొస్తుంది. చందా తీసుకుని పదిమందికి చూపాలంటే సినిమా సినిమాకూ విడిగా ప్రదర్శన లైసెన్స్ కావాలి. అది చేతికొచ్చాకే తేదీ ప్రకటిస్తాం. ఈలోగా వేరే సినిమా కావాలంటే చీటీ వెనక రాయండి. ‘బాగుంది’, ‘బాగోలేదు’ అని వదిలేయకుండా ఏ సన్నివేశమో కూడా రాస్తే మాకు పని తేలిక.