పెరటికి టైల్స్ వద్దు

సంపాదకుల వారికి,

మైపాడు సముద్రానికి వచ్చినవాళ్లు పొద్దుగూకేసరికి తిరుగుముఖం పడతారు. చుట్టుపక్కల ఊళ్లలో వాళ్లను ఒక రాత్రి ఆపగలిగేది పెరడు. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. గుమ్మడి పువ్వు తెల్లారుతూ విచ్చి, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. రెండూ చూడాలంటే ఇక్కడ పడుకోవాల్సిందే.

అయితే ఇంట్లోనే అతిథులకు బస ఇచ్చే హోమ్‌స్టే అనగానే ముందు పెరటికే టైల్స్ పరుస్తున్నారు. స్నానాల నీళ్లు పారే చోట అరటి, కాస్త ఎడంగా కరివేపాకు, దడి మీద బచ్చలి. నీళ్ల వాలును బట్టి కుదిరిన అమరిక అది. పైన సిమెంటు పడితే నీరు ఇంకదు, నిలుస్తుంది, దోమలొస్తాయి. డబ్బు పెట్టాల్సింది శుభ్రమైన మరుగుదొడ్డికి, దోమతెరలకు. బట్టల సబ్బు నీళ్లు మాత్రం ఆకుకూర మళ్లకు పోనివ్వకూడదు.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి అతిథుల కాలం సంక్రాంతి ముందు నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకే. వేసవిలో పిలిచి చెడ్డపేరు తెచ్చుకోవద్దు. నాటు చిక్కుడు ఎప్పుడు విత్తినా చలికాలంలోనే పూస్తుంది, దానికి తొందర లేదు. బీర గింజలు నవంబరు మొదట్లో కొన్ని, 20 రోజులకు మరికొన్ని పెడితే కోత తెగదు. ఇసుక నేలలో పందిరి గుంజలు 2 అడుగులైనా దిగాలి, నాలుగు మూలలా తాళ్లతో లాగి కట్టాలి. తుపాను గాలికి పందిరి ఒరిగితే పాదులు మొదలంటా తెగిపోతాయి. సరుగుడు గుంజ అడుగుకు తారు పూయకపోతే చెదలు తినేస్తాయి.

పండు ఈగ కుట్టి రాలిన పిందెలను దిబ్బలో వేస్తున్నారు. లోపలి పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది. అడుగు పైగా లోతున పూడ్చాలి. వానల్లో మునగ మానుకు బొంత పురుగులు గుంపుగా పడతాయి, తగిలితే దద్దుర్లే. ఆ చెట్టు కింద మంచం వేయకూడదు, పురుగును కాగడాతో కాల్చాలి.

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు పాదులకే. అతిథికి శుద్ధి చేసినవి ఇవ్వాలి.

నాలుగు సెంట్ల పెరడు పూటకు నలుగురికి మించి కూర పెట్టలేదు. పదిమందిని దింపితే బజారు వంకాయలే వండాలి, అది నెల్లూరు హోటల్లోనూ దొరుకుతుంది. అందుకే బుకింగులు ఊరి డ్వాక్రా సంఘం చేతిలో ఉంచి, ఇంటికి నలుగురి చొప్పున పంచాలి. డబ్బు పాదులకు నీళ్లు పోసే ఆమె ఖాతాలోనే పడాలి.

— ఒక పాఠకుడు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా