పాతాళగరుడి అంటే ఏది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో ఒంట్లో వేడికి పాతాళగరుడి మంచిదని రాశారు. ఆకులు, వేర్లే కాబట్టి సైడ్ ఎఫెక్టులు ఉండవని చివర్లో ఒక ముక్క. ఆ ముక్క నమ్మే నేనొకసారి గోడకు గుద్దుకున్నాను.

మాది పర్లాకిమిడి. ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. కిందటి ఎండాకాలం అరికాళ్లు మంటలు పుడుతుంటే ఒక తెలుగు వైద్య పుస్తకం చూసి, కొట్లో పాతాళగరుడి అడిగాను. బూడిదరంగు పొడి పొట్లం ఇచ్చారు. పైన ఒడియాలో ‘పాతాళగరుడ’ అని ఉంది. పేరు కలిసింది కదా అని రోజూ రాత్రి మజ్జిగలో ఒక చెంచాడు వేసుకున్నాను. బీపీ మాత్ర ఎలాగూ ఉంది. నాలుగో రోజు తెల్లవారుజామున మంచం దిగి రెండడుగులు వేశానో లేదో, కళ్లు చీకట్లు కమ్మాయి. ముక్కు దిబ్బడ ఒకటి. డాక్టరు గారు చూస్తే బీపీ 90/60. ఆయన ఒడియా మనిషి. పొట్లం మీద పేరు చదివి, ‘ఇది సర్పగంధి కదా’ అన్నారు.

ఒడియాలో పాతాళగరుడ అంటే సర్పగంధి. తెలుగు పుస్తకంలోని పాతాళగరుడి మన దూసరితీగ. ఆ ఆకు నీళ్లలో పిసికి వడకట్టి కాసేపు ఉంచితే పచ్చగా జున్నులా గడ్డకడుతుంది. చిన్నప్పుడు ఆకు దొప్పల్లో పోసి ‘కోవా’ అని అమ్ముకునేవాళ్లం. నా పొట్లంలో పచ్చదనమే లేదు, పైగా చేదు విషం. చేదుంటేనే మందు అనుకున్నాను, నా తెలివి!

సర్పగంధి వేరులో రెసర్పిన్ అనే మందు పదార్థం ఉంటుంది. రక్తనాళాలను బిగించే నోరడ్రినలిన్ అనే రసాయనం నరాల చివర నిల్వ ఉంటుంది, దాన్ని ఖాళీ చేసి, రక్తనాళాలను వదులు చేస్తుంది. మనసును దిగులులోకి లాగే గుణమూ ఉంది. ఈ వేరుతో బీపీ దిగుతుందని 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం వకీల్ రాశారు. 1952లో స్విట్జర్లాండులో రెసర్పిన్‌ను విడిగా తీశారు. మాత్రలో అది 0.25 మిల్లీగ్రాములు ఉంటేనే ఎక్కువ. నా చెంచాలో ఎంత పోయిందో కొట్టువాడికీ తెలీదు.

మూలిక గురించి రాసినప్పుడు తెలుగు పేరు పక్కన ఒడియా పేరు, శాస్త్రీయ నామం కూడా వేయండి. మీ పేపరు ఏటికి ఇవతల కూడా చదువుతారు. ఏ మాత్రలతో కలిపి వాడకూడదో ఒక్క లైను చాలు.

దూసరితీగ మా పెరటి కంచెకే అల్లుకుని ఉంది. అది తెలిసింది ఆస్పత్రి నుంచి వచ్చాక.

– ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు, పర్లాకిమిడి, గజపతి జిల్లా